గుడ్లన్న

మధ్యాహ్నం క్లాసు ముగించుకుని స్టాఫ్ రూంలోకి వచ్చి ఫోన్ చూస్తే, పాత క్యాంపస్ గ్రూపులో ఒకే ఒక్క ముక్క ఉంది: "అన్న పోయిండు."

ఏ అన్న అని ఎవరూ అడగలేదు. మా యూనివర్సిటీలో అన్నలకు కొదవ లేదు. హాస్టల్‌కో అన్న, సంఘానికో అన్న, మెస్సులో పప్పు నీళ్లయితే గిన్నె పట్టుకుని ముందు నడిచే అన్న ఒకడు. అయినా ముందూ వెనకా ఏమీ లేకుండా ఉత్త అన్న అంటే ఆయనొక్కడే. పిల్లలు చాటుగా గుడ్లన్న అనేవాళ్లు. చాటుగా అని వాళ్లు అనుకునేవాళ్లు గానీ, ఆయనకు తెలుసు.

గుండెపోటట. లాలాపేట్‌లో తన గది ముందు కుర్చీ వేసుకుని కూర్చుని ఉండగానే పోయాడట. ఆ మెసేజ్ కింద చేతులు జోడించిన బొమ్మలు వరసగా పడుతున్నాయి. నాకు ఏడుపు రాలేదు. ఎక్కడలేని నీరసం వచ్చింది. ఇంకో రెండు క్లాసులున్నాయి. చాక్‌పీస్ తీసుకుని వెళ్లి చెప్పేశాను.

నేను తార్నాకలో పెరిగినదాన్ని. మా నాన్నది తెనాలి వైపు. బ్యాంకు ఉద్యోగంలో హైదరాబాదు వచ్చి ఇక్కడే ఉండిపోయారు. పీహెచ్‌డీలో చేరిన కొత్తలో నా ఫెలోషిప్ ఫైలు ఎక్కడో ఆగిపోయింది. ఎక్కడ ఆగిందో కూడా తెలియక తిరుగుతుంటే, "అన్నను కలువు" అంది హాస్టల్లో ఉండే స్నేహితురాలు. క్యాంటీన్‌లో చింతచెట్టు వైపు బల్ల ఆయనదని చెప్పింది.

వెళ్లి చూస్తే నలభై దాటిన మనిషి. భుజాన తువ్వాల, కుర్చీ మీదికి ఎత్తిపెట్టుకున్న ఒక కాలు, చేతిలో గీతలు పడ్డ ఫోను. నేను "నమస్తే అన్నా" అంటే తల ఎత్తలేదు.

"ఒక్క నిమిషం ఆగు చెల్లె. గుడ్లు వచ్చే యాళ్లయింది."

క్యాంటీన్ కదా, ఉడకబెట్టిన గుడ్లేమో అనుకున్నాను. ఆయన బొటనవేలిని చొక్కాకు రెండుసార్లు తుడుచుకుని, ఊపిరి బిగబట్టి, తెరను తాకాడు. తర్వాత మెల్లగా ఊపిరి వదిలాడు.

"పాయె. ఎవడో ఎత్తుకపోయిండు."

"ఏంటన్నా అది?"

నా 'ఏంటి' విని అప్పుడు తల ఎత్తాడు. నవ్వి, ఎదుటి కుర్చీ చూపించాడు. గొంతు బొంగురుగా, చాలా కిందనుంచి వస్తున్నట్టు ఉండేది. ఆయన మాట వినాలంటే ఎవరైనా ముందుకు వంగాల్సిందే.

"గిదొక ఆట. గంటగంటకు ఈ అడివిల గుడ్లు పడ్తయ్. ముందుగాల ముట్టుకున్నోనిదే గుడ్డు. దునియా మొత్తం కాసుకొని కూసుంటది. మన క్యాంపస్ నెట్టుతోని మనకు యాడ దొరుకుతయ్?"

"దొరికితే ఏం చేస్తారు?"

"మనం చేసేది ఏం లేదు. మంది చూడాలె. నూరు మంది చూస్తే పగులు పడ్తది, ఇంకింత మంది చూస్తే పిల్ల బయటకొస్తది. ఎవ్వరు చూడకపోతే నాలుగైదు దినాల్ల సస్తది."

"మీరే చూసుకుంటూ ఉండొచ్చుగా?"

"నా చూపు లెక్కల రాదు చెల్లె. వేరేటోళ్లు చూడాలె. అదీ ఆట."

నా సంగతి చెప్పాను. మారు మాట్లాడకుండా లేచి నాతో వచ్చాడు. ఆఫీసులో ఆయన అరుస్తాడేమో, బల్ల గుద్దుతాడేమో అని నేను బిక్కుబిక్కుమంటూ ఉన్నాను. అదేం లేదు. గుమాస్తా ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చున్నాడు. నమస్తే పెట్టాడు. మరి మాట్లాడలేదు. తువ్వాలతో మెడ తుడుచుకుంటూ, గోడ మీద క్యాలెండర్ చూస్తూ అలా కూర్చునే ఉన్నాడు. కాసేపటికి గుమాస్తాకే తోచలేదు. "మంచినీళ్లు తాగుతరా అన్నా?" అన్నాడు. తర్వాత లేచి పక్క గదిలోకి వెళ్లాడు. భోజనాల వేళకు ఫైలు కదిలింది.

బయటికొచ్చాక, "మీరేమీ అనలేదేంటన్నా?" అని అడిగాను.

"ఒర్లే ఓపిక అయిపోయింది. ఇప్పుడు కూసుంట. కూసుంటే కూడ అయితది తియ్." ఆగి, ఫోన్ తీశాడు. "నీ నంబరియ్యి. లింకు పంపుత. గుడ్డును చూసి పో."

అదే ఆయన తీసుకునే ఫీజు. హాస్టల్ సీటు ఇప్పించినా, ఆస్పత్రిలో రాత్రంతా కూర్చున్నా, పోలీస్ స్టేషన్ నుంచి ఎవణ్నైనా వెనక్కి తెచ్చినా, "చూసి పో" అనేవాడు. కాలు విరిగి నెలల తరబడి హాస్టల్ గదిలో పడి ఉన్నప్పుడు ఎవరో కుర్రాడు కాలక్షేపానికి ఆ ఆట పెట్టిచ్చి వెళ్లాడట. కాలు అతుక్కుంది, ఆట పోలేదు. గుడ్లలోంచి వచ్చే వింత జంతువులకు ఆయన పెట్టే పేర్లు వేరు. రెక్కలున్న ఊసరవెల్లికి వార్డెన్, మూడు కొమ్ముల దుప్పికి రిజిస్ట్రార్, ఎప్పుడు చూసినా కళ్లు మూసుకుని ఉండే చేపకు మెస్ సెక్రటరీ. "వార్డెన్‌కు ఇయ్యాల రెక్కలొచ్చినయ్ చెల్లె" అని చాలా గంభీరంగా చెప్పేవాడు. టీ ఎప్పుడూ ఒక్కటే చెప్పి, సాసర్‌లో సగం పోసి ఎదుటివాళ్ల ముందుకు జరిపేవాడు.

ఆ గొంతు అలా బొంగురుపోవడానికి కారణం నాకు ముందే తెలిసి ఉండాల్సింది. ఉద్యమం రోజుల్లో ఆ గొంతు మా ఇంటి దాకా వినిపించేది. అప్పుడు నేను స్కూల్లో ఉన్నాను. క్యాంపస్ వైపు నుంచి మైకులో నినాదం రాగానే మా అమ్మ బాల్కనీ తలుపు మూసేది. నాన్న పేపరు మడిచి పక్కన పెట్టి, ఆ రోజు ఆఫీసుకు ఏ దారిన వెళ్లాలో ఆలోచించేవారు. ఆ మైకు పట్టుకున్నది ఈ మనిషేనని ఎవరో చెప్పినప్పుడు నేను నమ్మలేదు.

ఒకసారి వానలో నన్ను బండి మీద ఇంటి దగ్గర దింపాడు. నాన్న లోపలికి పిలిచారు. అమ్మ కాఫీ ఇచ్చింది. తడిసిన తువ్వాల ఒళ్లో పెట్టుకుని, కుర్చీ అంచున కూర్చున్నాడు. కాఫీ సగం తాగాక నాన్నను అడిగాడు.

"అంకుల్, అప్పుడు మేం మిమ్ముల భయపెట్టినమా?"

నాన్న కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "కొంచెం."

"కొంచెమేనా?"

"నిజం చెప్పాలంటే బాగానే భయపడ్డాం బాబూ. ఇల్లు అమ్మేద్దామా అని కూడా అనుకున్నాం."

ఆయన కప్పు కింద పెట్టాడు. "మాకు కూడ భయమే ఉండె అంకుల్. భయానికే గంతగనం ఒర్లినం" అన్నాడు. తర్వాత ఏమనుకున్నాడో, ఫోన్ తీసి నాన్న ముందు పెట్టాడు. "దీన్ని ఒకపారి చూడుండ్రి. మీ చూపు కూడ లెక్కల కొస్తది." ఆ రోజు నుంచి పొద్దున్నే పూజ అయ్యాక ఆయన గుడ్లు చూడటం నాన్నకు ఒక పని అయింది. అమ్మ నవ్వేది. "ఆ అబ్బాయి గుడ్లు పిల్లలయ్యాయా?" అని కూరలు తరుగుతూ అడిగేది.

ఇంకో మధ్యాహ్నం నాకు బాగా గుర్తుంది. క్యాంటీన్ ముందు తెల్ల కారు ఆగింది. అన్నతోపాటు ఒకప్పుడు అదే మైకు పంచుకున్న మనిషి దిగాడు. అప్పటికి ఆయన పెద్ద నాయకుడు. వెంట వచ్చినవాళ్లను దూరంగా ఉండమని, వచ్చి మా బల్ల దగ్గర కూర్చున్నాడు. నేను లేవబోతే అన్న కూర్చోమని సైగ చేశాడు.

"ఏమ్రా, ఎట్లున్నవ్?" అన్నాడు నాయకుడు.

"ఉన్న."

"ఎల్లుండి మీటింగున్నది. హాస్టళ్ల నుంచి పిలగాండ్లు రావాలె. నువ్వొక్క మాటంటే కదుల్తరు."

"కదుల్తరు. తెస్త. వచ్చినంక వాళ్లకేం చెప్తవ్?"

"చెప్పేది మేం చెప్తం గద."

"మొన్న చెప్పిందేనా?"

నాయకుడు నవ్వబోయి మానేశాడు. గొంతు తగ్గించాడు. "నీ గురించి కూడ అనుకుంటున్నరు పైన. ఏదన్న ఒకటి చూద్దమని. ఎన్నేండ్లుంటవ్ర గీ బల్ల కాడ?"

అన్న టీ సాసర్‌లో సగం పోసి ఆయన ముందుకు జరిపాడు. పక్కనే ఫోను పెట్టాడు. "నాకు కూడ మంది కావాలె. ముందుగాల దీన్ని చూసి పో."

ఆ నాయకుడు ఫోన్ వంక, అన్న వంక మార్చి మార్చి చూశాడు. ఆయన ముఖంలో కోపం లేదు. చూడకూడనిదేదో చూసినట్టు అయిపోయాడు. "నువ్వేంద్రా ఇట్లయినవ్?" అన్నాడు.

"అలిసిపోయిన్రా" అన్నాడు అన్న.

ఆ మాట ఆయన నోట నేను విన్నది ఆ ఒక్కసారే. కారు వెళ్లిపోయాక, తాగకుండా వదిలేసిన ఆ సాసర్‌ను చూస్తూ తనంతట తానే చెప్పాడు.

"లాలాపేట్ల ఒక పిలగాడున్నడు చెల్లె. పిలగాడేంది, ఇప్పుడు వానికి ఇద్దరు పిల్లలు. నా మాటకే రోడ్డెక్కిండు. కేసైంది. తర్వాత ఉద్యోగం వస్తే, కేసు అడ్డం పడి చేతిదాక వచ్చి పోయింది. టిఫిన్ బండి నడుపుకుంటున్నడు. వాయిదా ఉన్నప్పుడల్లా నేను పోయి కోర్టుల వాని పక్కన నిలబడ్త. ఇన్నేండ్లల్ల నన్నొక్క మాటనలే వాడు. అంటే మంచిగుండు."

గంట అయింది. ఆయన బొటనవేలు చొక్కాకు తుడుచుకున్నాడు.

ఆ ఆట అడవిలో అగ్గిగుడ్డు అని ఒకటుండేదట. నల్లటి పెంకు, లోపల నిప్పు రాజుకుంటున్నట్టు ఎర్రటి గీతలు. ఏళ్ల తరబడి దానికోసమే కాచుకున్నాడు. కనిపించడమే అరుదు, కనిపించిన క్షణంలోనే ఎవరో ఎత్తుకుపోయేవారు. ఒక వేసవి పగలు, క్యాంటీన్ నిండా జనం ఉన్న వేళ, కుర్చీ దబ్బున వెనక్కి పడిన చప్పుడు వినిపించింది. అన్న లేచి నిలబడి ఉన్నాడు. బల్ల మీద టీ ఒలికి కారుతోంది.

"దొరికింది!"

అది ఆయన పాత గొంతు. మా బాల్కనీ దాకా వచ్చిన గొంతు. క్యాంటీన్ మొత్తం ఆయన వైపు తిరిగింది. ఒకరిద్దరు పాతవాళ్లు అసంకల్పితంగా పిడికిలి కూడా ఎత్తారు. తర్వాత విషయం తెలిసి ఒకటే నవ్వు. కుర్రాళ్లు ఆయన్ను భుజాల మీదికి ఎత్తుకోబోయారు. "కాలు, కాలు, పైలం" అంటూ ఆయన సిగ్గుపడ్డాడు.

ఆ సంతోషంలో పిల్లలు ఆ గుడ్డు లింకును అన్ని హాస్టళ్ల గ్రూపుల్లో పెట్టేశారు. అడిక్‌మెట్ గదుల్లో ఉండే వాళ్లకు, ఊళ్లలో ఉన్న పాత విద్యార్థులకు, వాళ్ల చుట్టాలకు. ఆయనకు వాళ్లంతా ఎంత బాకీనో ఆ రోజు తెలిసింది. ఆయన సాయం పొందిన ప్రతివాడూ చూశాడు, పదిమందితో చూపించాడు. సాయంత్రానికి గుడ్డు పెంకు పాలిపోయింది. ఒకేసారి ఎక్కువమంది చూస్తే గుడ్డుకు జబ్బు చేస్తుందని ఆ ఆటలో ఇంకో నియమం ఉందట. అది ఆయనకూ తెలుసు. కానీ అంతకు ముందెన్నడూ ఆయన గుడ్లకు అంత మంది దొరకలేదు. ఎవరికీ కనబడకుండా దాన్ని కప్పిపెట్టాడు. అప్పటికే ఆలస్యమైంది. మర్నాడు మధ్యాహ్నం మేం చూస్తుండగానే ఆ ఎర్రటి గీతలు ఒక్కొక్కటే ఆరిపోయాయి.

లింకు మొదట పెట్టిన కుర్రాడు బల్ల దగ్గర నిలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. ఇరవై రెండేళ్ల వాడు, ఒక ఆటలో గుడ్డు కోసం. "తప్పయిపోయిందన్నా" అంటున్నాడు.

అన్న వాడి చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు. "ఏడువకు. ప్రేమతోనే చూసిన్రు గద. ఎవడన్న సంపాలెనని చూసిండా?" అని సాసర్‌లో టీ పోశాడు. వాడు వెళ్లాక నా వైపు తిరిగి, బాగా మెల్లగా, "మంది ఎక్కువైతే కూడ సస్తయని మనకు తెల్వదా చెల్లె?" అన్నాడు.

తర్వాత గంటకు ఫోన్ తీయలేదు. ఆ తర్వాతి గంటకు తీశాడు.

ఆ ఏడాదే హాస్టల్లో ఉండే గడువు మీరిపోయి, ఎవరూ గట్టిగా అడగకముందే తన పెట్టె, మంచం లాలాపేట్‌లో ఒక గదికి మార్చుకున్నాడు. థీసిస్ అయిందో లేదో అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ఒక కోచింగ్ సెంటర్‌లో చెప్పేవాడు. నాకు ఉద్యోగం వచ్చింది. లింకులు మాత్రం వస్తుండేవి, మాటేమీ లేకుండా. క్లాసుకూ క్లాసుకూ మధ్య చూసేదాన్ని. నాన్న పొద్దున్నే చూసేవారు. అన్న చివరిసారి తార్నాక బస్టాపులో కనిపించినప్పుడు బాగా చిక్కిపోయి ఉన్నాడు. "అన్నా, ఒకసారి డాక్టరుకు చూపించుకోండి" అన్నాను. "అయితది తియ్" అన్నాడు. నా బస్సు వచ్చింది.

సంతాపసభ తార్నాకలోనే ఒక కమ్యూనిటీ హాల్లో పెట్టారు. వేదిక మీద పెద్ద ఫోటో. అందులో ఆయన పిడికిలి ఎత్తి, నోరు తెరిచి, మెడనరాలు ఉబ్బి ఉన్నాడు. అది మా నాన్న భయపడ్డ మనిషి, నాకు తెలిసినాయన కాదు. ఆ తెల్ల కారు నాయకుడు వచ్చాడు. బాగానే మాట్లాడాడు, చివరి మాట పూర్తి చేయకుండానే దిగిపోయాడు. అందరూ ఆ గొంతు గురించే చెప్పారు. ఒక్కో సంఘం పేరు మైకులో చదవడం, వాళ్లు వచ్చి దండ వేయడం. ముందు వరసలో అన్న సొంత అన్నయ్య ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ఊళ్లో సేద్యం చేసే మనిషి. వాళ్లిద్దరే అన్నదమ్ములు. మూడోవాళ్లు లేరు.

నా పక్క కుర్చీలో ఒకామె వచ్చి కూర్చుంది. నలభై ఐదేళ్లుంటాయి. చీరకు అక్కడక్కడా దారప్పోగులు అంటుకుని ఉన్నాయి. ఒళ్లో కాగితం పొట్లంలో చామంతులు. ఫోటో వంక చూసి, నా వైపు వంగింది.

"మేడం, గీ మీటింగు... సచ్చిపోయినామెదేనా?"

"ఆమె కాదండీ. ఆయన."

"వాళ్లన్న కూడ ఫోన్ల గదే అన్నడు. రాంగ్ నంబరని నేను కొట్లాడిన."

కొంచెం కొంచెంగా చెప్పింది. కాచిగూడ స్టేషన్ దగ్గర బ్లౌజులు కుట్టే షాపు ఆమెది. భర్త దవాఖానాలో ఉన్నప్పుడు, పక్కన కూర్చుని పొద్దుపోక ఆ గుడ్ల ఆట మొదలుపెట్టింది. ఆమె గుడ్లను చూసేవాళ్లు లేరు. అక్కడే ఎవరో 'నర్సవ్వ' అనే పేరుతో ఉన్న మనిషి, లింకు పంపు, నేను చూస్తానని నంబరిచ్చారు. అన్న వాళ్లమ్మ పేరు నర్సవ్వ. ఆ సంగతి నాకు తెలుసు, ఈమెకు తెలియదు.

"నేను అక్కా అని పెట్టేదాన్ని. రోజు పొద్దున్నే జవాబొచ్చేది. 'చూసిన' అని. గంతే. మూడేండ్లు మేడం. ఒక్కనాడు కాదనలే."

చూసిన. ఆ మాటలో ఆడా మగా లేదు. ఎవరన్నా అదే అంటారు.

"మా ఆయన తాగొచ్చి కొట్టిన సంగతి, నాకు గర్భసంచి తీసేసిన సంగతి, ఆయన పోయినంక ఇంట్ల పడుకుంటే భయమైన సంగతి, అన్ని చెప్పిన. ఆడోళ్లకే చెప్పుకునేటియి."

"ఏమనేవారు?"

"జల్ది అనకపోయేది. ఎప్పటికో వచ్చేది. 'అన్నం తిన్నవా' అని. ఇంకొకపారి 'షాపు బంద్ చెయ్యకు' అని." చామంతుల పొట్లం విప్పి మళ్లీ మడిచింది. "మగోన్నని ఒక మాట చెప్తే మంచిగుండు." మళ్లీ తనే అంది. "చెప్తే నేను చెప్పకపోదును గద."

వారం రోజులుగా 'చూసిన' అని రాకపోయేసరికి ఫోన్ చేస్తే, వాళ్లన్నయ్య ఎత్తి ఈ సభ సంగతి చెప్పాడట.

దండలు అయిపోవస్తున్నాయి. ఆమె లేచి, చామంతులు పట్టుకుని వేదిక దగ్గరికి నడిచింది. మెట్టు దగ్గర చేతిలో కాగితం పట్టుకున్న కుర్రాడు ఆపి, మర్యాదగానే అడిగాడు.

"ఏ సంఘం తరఫునమ్మా?"

ఆమె ఫోటో వంక చూసింది, తర్వాత వాడి వంక.

"సంఘం లేదు బిడ్డా. నేను చెల్లెను."

వాడు మైకులో చెప్పేశాడు. "ఇప్పుడు అన్న సోదరి గారు పూలు సమర్పిస్తారు." హాల్లో కొంచెం కదలిక. ముందు వరసలో వాళ్లన్నయ్య తల ఎత్తాడు. ఆమె పూలు పెట్టి, దండం పెట్టి, దిగి, ఎటు వెళ్లాలో తెలియక మెట్టు పక్కనే ఆగిపోయింది.

వాళ్లన్నయ్య ఆమెను చాలాసేపు చూశాడు. తర్వాత పక్క కుర్చీలో పెట్టుకున్న సంచి తీసి కింద పెట్టాడు.

"ఇట్ల వచ్చి కూసో బిడ్డా" అన్నాడు.